గెడ్డ పెట్టిన పారాణి

ఆ శుక్రవారం పొద్దున ఇంట్లో ఉన్నది చిన్నాన్న గవర్రాజు, పిన్ని మహాలక్ష్మమ్మ, చేటతో బియ్యం తెచ్చుకుని మా గుమ్మంలో రాళ్లు ఏరుకుంటున్న పక్కింటి అసిరమ్మత్త, నేను. నన్ను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. తగరపువలస దగ్గర మా ఊళ్లో పది చదివి, టైపు నేర్చుకోడానికి పెందుర్తి వచ్చి మూడు నెలలైనా, ఈ ఇంట్లో నా గొంతు ఎవరూ సరిగ్గా విని ఉండరు.

చిన్నాన్నకు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తుందనుకున్నారు, బకెట్ల ఫ్యాక్టరీలో వచ్చింది. అక్కడ రేకుల తుప్పు వదలడానికి యాసిడ్‌లో ముంచుతారు. ఆ నీళ్లను మా ఇంటి వెనక గెడ్డలోకి వదిలేముందు తొట్టెలో సున్నం కలిపి పులుపు విరిచెయ్యడం చిన్నాన్న పని. పోయిన నెల గెడ్డలో చేపలు చచ్చి తేలాయి. ఇంకోసారి అలా అయితే ఇంటికి పొమ్మన్నారు. ఆ మధ్యాహ్నమే ఆఫీసరొకాయన సీసాలో గెడ్డ నీళ్లు పట్టుకెళ్లడానికి వస్తున్నాడు.

"నీళ్లల్లో ముంచిన కాయితం ఎర్రబడితే పులుపు. ఎర్రబడకూడదు, అంతే" అని ఇంజనీరు చెప్పిన మాటను చిన్నాన్న చద్దన్నం తింటూ కూడా జపిస్తున్నాడు.

అంతలో, పాదాలకు నిండా పసుపు రాసుకుని బట్టలుతకడానికి గెడ్డకు వెళ్లిన పిన్ని ఎర్రటి పాదాలతో తిరిగొచ్చింది.

"ఓలమ్మో, పారాణే! ఎవులెట్టినారే?" అసిరమ్మత్త చేట వదిలేసింది.

"ఎవులూ ఎట్టనేదు. నీళ్లల్లో దిగినాను, అంతే. అమ్మోరే ఎట్టింది." అందరికీ కనబడేలా పిన్ని కుచ్చిళ్లు కాస్త పైకెత్తి నిలబడింది.

"అదురుష్టమంటే నీదేనే! నానూ దిగుతానుండు. పసుపేదీ?"

చిన్నాన్న చేతిలో ముద్ద కంచంలో పడింది. "అమ్మోరు కాదే, నా ఉజ్జోగం! ఎర్రబడిందంటే పులుపున్నట్టే. ఏసిన సున్నం సాల్నేదు. ఇంకో రెండు బస్తాలు పోసేత్తాను."

చెయ్యి కడుక్కోకుండానే సైకిలు తీశాడు.

పెళ్లిళ్లలో పారాణి కలిపేది మాలాంటి ఆడపిల్లలే. పసుపులో సున్నం వేస్తేనే కదా ఎర్రబడేది! చింతపండు పిసికితే ఎర్రబడుతుందా? గెడ్డలో ఉన్నది పులుపు కాదు, సున్నమే ఎక్కువైంది. ఇంకో రెండు బస్తాలు పడితే చేపలు మళ్లీ తేలతాయి. చెబితే మాత్రం పిన్ని అమ్మోరు కాస్తా సున్నమైపోతుంది.

సైకిలు కదిలింది. నేను వీధిలోకి పరిగెత్తాను.

"చిన్నాన్నా, వెయ్యకు! సున్నమే ఎక్కువైంది! పసుపూ సున్నమూ కలిస్తే పారాణి కాదేటి?"

నాకంత గొంతుందని నాకే తెలీదు. చిన్నాన్న కాలు నేలకానించి నా వంక, గుమ్మంలో పిన్ని పాదాల వంక చూశాడు.

"ఓర్నీ! ఎర్రబడకూడదన్నారని, కాయితం నీలిమందులా అయిపోయేదాకా కుమ్మేత్తన్నాను గదే! తూము మూసేసి, తొట్టెలో ఇంకాస్త పుల్లనీళ్లు కలిపేత్తాను. మద్దేనానికి గెడ్డ తేటపడిపోద్ది" అంటూ ఫ్యాక్టరీ వైపు తొక్కేశాడు.

అసిరమ్మత్త చేట ఎత్తుకుని, నవ్వాపుకోలేక, "అయితే మాలచ్చీ, నీ అమ్మోరు బస్తాల్లో వచ్చిందన్నమాట!" అనుకుంటూ వాళ్లింటికి పోయింది.

పిన్ని నవ్వలేదు.

"మూడు నెల్లకి నోరిప్పింది. ఇప్పి, నా పరువే తీసింది."

నేను గుమ్మం దగ్గరికి చేరేసరికి తలుపు నా మొహానే ధడేలున వేసేసింది.