మొదలు తెగిన చిక్కుడు పాదు

వీధివాళ్ళంతా ఆవిణ్ణి మిషనక్క అనేవారు. పొద్దస్తమానం కుట్టుమిషను చప్పుడు వినిపించే ఇల్లు కదా, ఆ పేరు అలా అతుక్కుపోయింది. మిషను పక్క కిటికీలోంచి పెరడు కనిపిస్తుంది. పెరడంటే మరీ పెద్ద మాటే. వంటింటికీ పక్కింటి గోడకీ మధ్య ఇరుక్కున్న కాస్త నేల. అక్కడ ఆవిడ చిక్కుడు పందిరి వేసింది. గింజలు నానబెట్టి మూడు గుంతల్లో పెట్టింది. మొలకలు తలెత్తగానే పురికొసలు కట్టింది. దారి తప్పిన తీగను వేలితో మెల్లగా తిప్పి పురికొసకు అందించేది, పేనుబంక పడితే బూడిద చల్లేది. ఇల్లు అత్తగారిది, మిషను పుట్టింటివాళ్ళు పెట్టింది. ఆ పందిరొక్కటే అచ్చంగా తనది.

పూత పట్టే వేళకు మొదటి పాదు తలవాల్చేసింది. పొద్దున పచ్చగా ఉన్నది మధ్యాహ్నానికి వేలాడిపోయింది. మొగుడు బస్సు డ్రైవరు, ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు.

"నువ్వు రాకు, చూస్తే బాధపడతావు" అని తనే వంగి చూశాడు. మొదలు పీకి అవతల పారేశాడు. "వేరు దగ్గర కెలికేశాయి. పక్కింటి కోళ్ళు కాకపోతే ఇంకెవరు?"

కట్టుకున్నవాడు వంగి చూసి చెప్పాక మళ్ళీ తను చూసేదేముంది? నమ్మింది. వారం తిరక్కుండా రెండోదీ పోయేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయి గోడ దగ్గరికి వెళ్ళింది.

"పిన్నిగారూ, మీ కోళ్ళకి బుద్ధి లేదు సరే, మీకైనా ఉండక్కర్లా?"

పక్కింటి పిన్నిగారు ఏదో చెప్పబోయింది. మిషనక్క వెనకాల నిలబడ్డ డ్రైవరు వంక ఒకసారి చూసి, నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమే కోళ్ళన్నిటినీ బుట్టలో పెట్టి చెల్లెలింటికి పంపించేసింది. నిన్నమొన్నటిదాకా కూర గిన్నెలు మార్చుకున్న ఇళ్ళ మధ్య మాటల్లేకుండా పోయాయి.

కోళ్ళు పోయాక మూడో పాదూ పోయింది.

అప్పుడైనా ఆవిడకి అనుమానం రావాలి. వచ్చింది కూడా, కానీ తన మీద. నా చేతిలోనే ఏదో లోపం ఉంది, అందుకే ఏదీ నిలవడం లేదు అనుకుంది. మొగుడి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. అతను వీపు నిమిరాడు.

"పందిరి పీకేయండి. ఇంక నా వల్ల కాదు."

"నీ ఇష్టం" అన్నాడు అతను, బరువుగా నిట్టూర్చి. ఆ నిట్టూర్పుకి ఎవరైనా మోసపోతారు.

మర్నాడే బావగారు తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకి రంగుల దుకాణం ఉంది. టేపు పట్టుకుని గోడ నుంచి గోడకి కొలిపించారు.

"డబ్బాలు పెట్టుకోడానికి చోటు లేక చస్తున్నానమ్మా. ఇక్కడ గది కట్టుకోడానికి నువ్వు సరేనన్నావని రెండు నెలల కిందటే మావాడు చెప్పాడు. ఈ పాదులేవో అయిపోతే మొదలుపెడదామన్నాడు. నీది పెద్ద మనసు."

రెండు నెలల కిందట ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

లోపలికి వచ్చి, ఏం చేయాలో తోచక, కత్తిరించడానికి పెట్టుకున్న గుడ్డ పరిచింది. కత్తెర సాఫీగా పోవలసింది పోయి ఒకచోట గుడ్డను నమిలింది. మళ్ళీ అక్కడే నమిలింది. గుడ్డ తప్ప ఇంకేదీ కత్తిరించకూడదని ఆవిడ పెట్టుకున్న నియమం. కాగితం ముక్క కోసినా ఊరుకోదు. కత్తెర మర విప్పి చూస్తే రెండు అలుగుల మధ్య పసరు ఎండి అట్ట కట్టి ఉంది, అందులో ఇసుక. మొన మీద చిన్న గంటు. మట్టిలోకి దించి తీగ మొదలు కోస్తే పడే గంటు అది.

కత్తెర ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. పాదులు పోయినందుకు కాదు. తను ఏడుస్తుంటే వీపు నిమిరిన చెయ్యీ, ఈ కత్తెర పట్టిన చెయ్యీ ఒకటే అయినందుకు.

అతను డ్యూటీ నుంచి రాగానే కత్తెర ముందు పెట్టింది. అతను దాన్ని చూశాడు, తర్వాత నేల చూపులు చూశాడు.

"అన్నయ్య మాట కాదనలేకపోయాను. నిన్నడిగితే ఒప్పుకోవు."

"ఒప్పుకోలేదని చెప్పాల్సింది."

"నీ అంతట నువ్వే తీసేయమంటే గొడవుండదనుకున్నాను."

తెలివి చూడండి. గొడవ లేకుండా ఉండడానికి పెళ్ళాన్ని పక్కింటివాళ్ళ మీదికి ఉసిగొలిపాడు పెద్దమనిషి.

"మీ అన్నయ్యకి నేనే చెప్తాను, ఇక్కడ గది లేదని" అంది ఆవిడ. అని పక్కింటికి వెళ్ళింది.

పిన్నిగారు బియ్యం ఏరుతోంది. మిషనక్క ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, "కోళ్ళు కాదు పిన్నిగారూ" అంది.

"తెలుసమ్మాయ్. మొదటి పాదు కోసినప్పుడే గోడ మీంచి చూశాను."

"మరి నేను అన్ని మాటలంటుంటే పడ్డారేంటి?"

పిన్నిగారు చేట పక్కన పెట్టింది.

"చెబితే ఎవర్ని నమ్మేదానివి? నన్నా, అతన్నా?"

మిషనక్క అతన్నే నమ్మేది. అందులో ఇసుమంత సందేహం లేదు. తిరిగి వస్తుంటే ఆ సంగతే ఎక్కువ నొప్పి పెట్టింది.

డబ్బాలో మిగిలిన గింజలు నానబెట్టి, అవే గుంతల్లో మళ్ళీ పెట్టింది. అదును దాటిపోయింది, కాస్తాయో కాయవో తెలియదు. అయినా మొలిచాయి. మొలకలు కనబడ్డ పొద్దున డ్రైవరు చెప్పకుండానే చెంబుతో నీళ్ళు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ముఖం నిండా మంచితనమే. ఒకప్పుడైతే ఆ ముఖం చూసి ఆవిడ కరిగిపోయేది.

ఆవిడ లేచి చెంబు అందుకుంది.

"నీళ్ళు నేను పోసుకుంటాను. మీరు వీటి దగ్గరికి రాకండి."