మోటారు గది

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, కూతురికి మాటలు వస్తున్నాయని.

ఏ తల్లీ పైకి చెప్పుకునే భయం కాదది. సాటి ఈడు పిల్లలు గలగలా మాట్లాడుతుంటే తన పిల్ల నోరు విప్పడం లేదని మొన్నమొన్నటిదాకా కుమిలిపోయింది కూడా. ఇవాళ మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలో, చంకన పిల్లతో, చేతిలో ఎర్రా తెల్లా గీతల కొలత కర్రతో నిలబడి, ఈ ఒక్క పూట దీని నోరు పెగలకుండా ఉంటే చాలనుకుంటోంది.

పిల్లకు వచ్చిన మొదటి మాట 'మామ్మ'. ఆ మామ్మ ఇప్పుడు మోటారు గదిలో ఉంది. గదికి బయట తాళం వేసి ఉంది.

సబ్‌స్టేషన్ గోడ వెనక ఉన్న ఆ బీడుకు వాళ్ళది కాపలా కుటుంబం. బోరు ఎండిపోయాక మోటారు ఊడదీసుకుపోతే గది మిగిలింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెకు అదే ఇల్లు. ఇప్పుడా బీడులో బ్యాటరీ డబ్బాలు పెడతారట, ఒక్కోటీ లారీ అంత. పగలు మిగిలిన కరెంటు వాటిలో దాచి రాత్రికి వదులుతారట. డబ్బాకు నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం కనుక దగ్గర్లో మనుషులు కాపురం ఉండకూడదట. ఉంటే స్థలం పనికిరాదట. ఈ అటలన్నీ నిన్న బ్రోకరు చెప్పినవే. నోరు తెరిస్తే తీపే కనుక అతన్ని అందరూ పంచదార అంటారు.

"స్థలం పాసైందనుకో చెల్లెమ్మా, మీ ఆయనకి గేటు దగ్గర ఉద్యోగం, మీకో పక్కా గది. పూచీ నాది. కాలేదనుకో, సాయంత్రానికి ఓనరు మిమ్మల్ని గిన్నెలతో సహా రోడ్డు మీద పెడతాడు. ఆయన సంగతి నీకు తెలీనిదా?"

"మరి మా అత్త, అన్నా? తుంటి విరిగిన మనిషి. కదిపితే కేకలు పెడుతుంది."

"కదపడమెందుకు? లోపలే ఉండనీ. తాళం వేస్తే అది మోటారు గదే కదా!"

తెల్లారగానే భర్తను ఓనరు ట్రాక్టరు మీద మట్టి తోలడానికి పంపేశారు. గిన్నెలూ బట్టలూ ఆమే గోడ అవతలికి మోసింది. పొయ్యి రాళ్ళు విసిరేసి, బూడిద కనపడకుండా మట్టి కప్పి, తను ఇక్కడ బతికిన ఆనవాళ్ళు తన చేత్తోనే చెరిపేసింది. అత్త పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి, చెవి దగ్గర వంగింది.

"ఎవరు తట్టినా పలక్కు అత్తా. నేనొచ్చి 'సార్లు వెళ్ళిపోయారత్తా' అంటేనే పలుకు."

"కాపురానికొచ్చిన కొత్తలో నా నోరు మూయించాలని ఎంత అనుకున్నావో! ఇవాళ్టికి తీరిందే నీ ముచ్చట," అని ముసలామె నవ్వబోయింది. దగ్గు తన్నుకొస్తే కొంగు నోట్లో కుక్కుకుంది. "పో. నీ సంసారం నా నోటితో కూలదులే."

పంచదార తాళం వేసి చెవి జేబులో పడేసుకున్నాడు.

స్థలం చూడడానికి వచ్చిన ఇంజనీరు చెడ్డవాడేం కాదు. కొలత కర్ర పట్టుకునే కూలి మనిషని పంచదార ఆమెను చూపిస్తే, పిల్లకు ఎండ తగులుతోంది, కొంగు కప్పమ్మా అన్నాడు. నేల వాలు కొలిచాడు, మీద పోయే తీగల ఎత్తు చూశాడు, పెద్ద బండ్లు మలుపు తిరుగుతాయా లేదా అని దారి పొడవునా నడిచాడు. చివరికి మోటారు గది దగ్గర ఆగాడు. ఇనుప తలుపు మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నాడు.

"ఇందులో ఏముంది?"

"పాత మోటారు సార్," అన్నాడు పంచదార.

ఇంజనీరు పెన్నుతో తలుపు తట్టాడు. "ఎవరైనా ఉన్నారా?"

జవాబు లేదు. మళ్ళీ తట్టాడు. గోడ అవతల సబ్‌స్టేషన్ హోరు తప్ప ఏమీ వినపడలేదు.

పిల్ల తలుపు వైపు చెయ్యి చాచింది. "మామ్మ!"

పంచదార పకపకా నవ్వాడు. "మోటారు అనబోయి మామ్మంటోంది సార్, నోరు తిరక్క! ఏదీ బంగారం, మోటారు అను." జేబులోంచి బిస్కెట్ తీసి ఊరించాడు. "మో... టా... రు."

"అమ్మ చెబితే అంటుందేమో," అన్నాడు ఇంజనీరు ముచ్చటపడుతూ.

అందరూ ఆమె వైపు చూశారు.

"మోటారు అనమ్మా," అంది ఆమె.

పిల్ల బిస్కెట్ చూసింది, తలుపు చూసింది, తల్లి ముఖం చూసింది. "మోతాలు."

అందరూ నవ్వారు. ఇంజనీరు నవ్వుతూనే ట్యాబ్‌లో రాసుకున్నాడు, పైకి చదువుతూ. "వాడకంలో లేని మోటారు గది. మనుషులు లేరు. కూల్చేయవచ్చు."

మనవరాలి నోట తన పేరు మారిపోవడం తలుపు అవతల ముసలామె వినే ఉంటుంది. దగ్గు కూడా వినపడలేదు.

"అన్నా, తాళంచెవి..." అని ఆమె గొణిగింది.

"సారుకి ఇంకో నేల ముక్క చూపించాలి. కర్ర పట్టుకునే మనిషి వద్దా? ఎక్కు ఎక్కు, గంటలో వచ్చేస్తాం."

జీపు పెద్ద రోడ్డెక్కి చాలా దూరం పోయింది. అక్కడ మళ్ళీ ఎండ, మళ్ళీ కర్ర. గంట దాటింది. ఇంకో గంటా దాటింది. అడిగినప్పుడల్లా పంచదార నవ్వాడు. "మీ అత్తకేం, రాణీలా నీడపట్టున పడుకుంది. మాడుతున్నది మనమే!" రేకుల కింద, కిటికీ లేని గదిలో నీడ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఎండాకాలం మధ్యాహ్నాలు వాళ్ళందరూ గోడ పక్కకు వచ్చి కూర్చునేవాళ్ళు.

పొలం చివర ఎవరిదో రేకుల షెడ్డు కనపడింది. పిల్ల రెండు చేతులూ అటు చాచి, ఎత్తుకోమని మామ్మను అడిగినట్టే ముద్దుగా అడిగింది. "మోతాలూ!"

కర్ర పక్కకు వాలింది.

"నిటారుగా పట్టుకోమ్మా, కొలత తప్పుతుంది," అన్నాడు ఇంజనీరు.

"పట్టుకోను సార్. ఆ గదిలో ఉన్నది మోటారు కాదు. మా అత్త."

"ఎండదెబ్బ సార్ ఈమెకి," అన్నాడు పంచదార.

ఇంజనీరు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత ట్యాబ్ చూసుకున్నాడు. "రిపోర్టు పంపేశానే," అన్నాడు మెల్లగా. ఆ తర్వాత ఆమె వైపు చూడలేదు.

"తాళంచెవి ఇవ్వు," అంది ఆమె పంచదారతో.

"జీపులో ఎక్కడో జారినట్టుంది. పని కానీ చెల్లెమ్మా, వెతుకుదాం."

ఆమె ఇంతసేపూ వాళ్ళ కొలతకు నిలబెట్టిన కర్రను భుజాన వేసుకుంది. దాని కొనకు ఇనుప మొన ఉంది. "ఏయ్, కర్ర!" అని పంచదార అరుస్తున్నా వెనక్కి తిరగకుండా, పిల్లను చంకనేసుకుని రోడ్డు వైపు నడిచింది.

ఇంకా దారిలోనే ఉంది. మీరు ఆమెకన్నా దగ్గర్లో ఉండొచ్చు. సబ్‌స్టేషన్ గోడ వెనక, రేకుల కప్పు, ఇనుప తలుపు. వెళ్ళి తట్టండి. జవాబు రాదు. ఎవరూ లేరనుకుని తిరిగి వచ్చేయకండి, మాట ఇచ్చిన మనిషి ఆ ముసలామె. తలుపు సందుకు నోరు ఆనించి, గట్టిగా, 'సార్లు వెళ్ళిపోయారత్తా' అనండి.