పక్కవాళ్ళ పువ్వు

సినిమా తార కోరిన్ లాసల్ వర్ధంతి నాడు వెల్డాను కొండ మీది శ్మశానానికి తీసుకెళ్ళడం కొన్నేళ్ళుగా నా పని. నాకు ఆ తార మీద మోజేమీ లేదు. వెల్డా మా పక్కింటావిడ. చూపు తగ్గి కారు నడపడం మానేసింది.

అక్కడ సమాధులు పొడవాటి చలువరాతి గోడలో ఉంటాయి. ఒక్కో గూటికి పేరు చెక్కిన పలక, దానికి పువ్వులు పెట్టే ఇత్తడి గొట్టం. నలుపు తెలుపు సినిమాల కాలంలో దేశాన్నంతా నవ్వించిన కోరిన్ ఒక గూటిలో ఉంది. దాన్ని ఆనుకున్న గూటిలో వెల్డా భర్త రాయ్ ఉన్నాడు. అది ఇద్దరికి సరిపడేది. పలక మీద వెల్డా పేరూ, పుట్టిన సంవత్సరమూ ముందే చెక్కించారు.

రాయ్ కోరిన్‌కు వీరాభిమాని అని అందరూ అనుకునేవారు. అసలు సంగతి వెల్డా ఓసారి కారులో చెప్పింది.

"ఆవిడ సినిమా పెడితే రాయ్ గురక పెట్టేవాడు. మాకు పిల్లలు లేరుగా డెనీస్. మేం పోయాక మా దగ్గరికి ఎవరొస్తారు? ఆవిడ దగ్గరికైతే వస్తారు. వచ్చినవాళ్ళు పక్కవాళ్ళకి పువ్వు పెట్టకుండా పోరు."

తారల సమాధులు చూడడానికి తిరిగేవాళ్ళలో ఆ ఆనవాయితీ ఉంది. తెచ్చిన గుత్తిలోంచి అటు పక్కకొకటి, ఇటు పక్కకొకటి తీసి పెడతారు. తమ గోల భరిస్తున్నందుకట. ఆ ఒక్క పువ్వును నమ్ముకునే, ఫ్రెస్నో ఊళ్ళో అమ్మానాన్నల సమాధుల పక్కన చోటుందని రాయ్ తమ్ముడు ఎంత చెప్పినా ఆ దంపతులు వినలేదు.

ఈసారి మేం వెళ్ళేసరికి కోరిన్ అభిమానులు గస్, బెర్నడీన్ గోడ ముందు నిలబడి ఉన్నారు. ఒకప్పుడు గుంపుగా వచ్చేవారు. ఇప్పుడు మిగిలింది ఆ ఇద్దరే. కోరిన్ గూటికి కొత్త పలక బిగించి ఉంది. పేరు లేదు, గొట్టమూ లేదు.

"కోరిన్ ఇల్లు ఖాళీ చేసింది," అన్నాడు గస్. "అద్దె పెంచారేమో."

"నోర్ముయ్ గస్. వెల్డా, ఆవిణ్ణి మనవరాలు హాలీవుడ్‌కి మార్పించిందట, పెద్ద తారలందరి సమాధులూ ఉండే చోటికి. అక్కడ వేసవిలో పచ్చిక మీద సినిమాలేస్తారు, జనం దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు." బెర్నడీన్ ఏటా ఆ పలకను ముద్దుపెట్టుకుని ఎర్రటి పెదవుల గుర్తు వదిలి వెళ్ళేది. "ఇంత రంగు పూసుకొచ్చా, ఇప్పుడెవర్ని ముద్దు పెట్టుకోను?"

"నేనున్నాగా."

"నీకన్నా ఈ రాయి నయం."

వెల్డా నవ్వలేదు. "మరి ఈ చోటు?" అంది.

"ఎవరికో ఇచ్చేస్తారు," అంది బెర్నడీన్. "పదండి, పువ్వులు వాడిపోకముందే అక్కడికే పోదాం. వెల్డా, నువ్వూ రా."

"మీరు వెళ్ళండి. నేను రాయ్ దగ్గర కాసేపుంటాను." తను తెచ్చిన తెల్ల గులాబీలు బెర్నడీన్ చేతికిచ్చింది. "ఇవీ ఆవిడకే."

"వచ్చే ఏడు ముందిక్కడికి వచ్చి, అప్పుడు అటు వెళ్దాంలే," అంది బెర్నడీన్, వెల్డాను కౌగిలించుకుని.

"అలాగే."

గుత్తులన్నీ పట్టుకుని వాళ్ళు కారెక్కారు. ఒక్క పువ్వూ తీసి పెట్టలేదు. పెట్టకూడదని కాదు. వాళ్ళు పువ్వు పెట్టేది కోరిన్ పక్కవాళ్ళకి. ఇప్పుడు ఆ పక్కవాళ్ళు వేరు.

"ఉండండి, ఒకటి అడిగి తెస్తాను," అన్నాను.

"వద్దు. అడిగి తెచ్చుకుంటే అది పక్కవాళ్ళ పువ్వెలా అవుతుంది?"

"రాయ్‌ని ఫ్రెస్నోకి మార్చలేరా?"

"ఆ చోట్లో ఇప్పుడు తమ్ముడే ఉన్నాడు."

వచ్చే ఏడు నేను తీసుకొస్తానని అనబోయాను. మా ఇంటి ముందు పాతిన అమ్మకం బోర్డు ఆమెకు ఆ చూపుతోనూ కనబడే ఉంటుంది. శరదృతువుకల్లా మేం వేరే రాష్ట్రానికి, టూసాన్ వెళ్ళిపోతున్నాం. ఆమె దాని మాటెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వెల్డా సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. ఏటా తెచ్చేదే. రాయ్ గొట్టాన్ని వేలితో తడుముకుని, నీళ్ళు అంచు దాకా పోసింది. సీసా మూత బిగించింది.

"పద, ఎండెక్కుతోంది," అంది.