మూత చప్పుడు

ఎంత చప్పుడైనా మా పాప నిద్ర లేవదని మా ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. మామయ్య పక్కనే కూర్చుని రేకు మీద సుత్తితో బాదుతున్నా అది కదిలేది కాదు. "కొట్టులో పుట్టిన పిల్ల కదమ్మా, సుత్తి దెబ్బలే దానికి జోలపాట" అనేవారు మామయ్య. మొద్దు నిద్ర పోతుందని ముద్దుగా 'మొద్దులు' అని పేరు పెట్టింది కూడా ఆయనే.

మా కొట్టులో పాత కార్లకి లోపలి సామాను చేస్తాం. ఇంజన్లతో మాకు పని లేదు. సీట్లు, తలుపుల లోపలి అట్టలు, అద్దాలు దించే పిడులు, డాష్‌బోర్డు బొత్తాలు, అవీ మా పని. ఆ కార్లు చేసిన కంపెనీలే ఎప్పుడో మూతపడ్డాయి, ఇక వాటి సామాను ఎవరమ్ముతారు? అందుకని మా ఆయన పాత ఇనుము కొట్లు పట్టుకు తిరుగుతాడు. తుప్పు పట్టిన కార్ల కడుపుల్లో చెయ్యి పెట్టి వెతుకుతాడు. విరిగిందైనా, సగమైనా, నమూనా అంటూ ఒకటి దొరికితే చాలు, దాన్ని చూసి మామయ్య కొత్తది చేస్తారు. రెక్సిన్ కుట్టడం నా వంతు. పదో తరగతి సగంలో బడి మాన్పించి మా అమ్మ నన్ను కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది. అది ఇక్కడ అక్కరకొచ్చింది.

నాకు భయమెక్కువ. పాప తుమ్మితే న్యుమోనియా అనుకుంటాను. ఒకసారి దాని మెడ మీద ఎర్రగా కనిపిస్తే చెప్పులు కూడా వేసుకోకుండా ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరు తడి దూదితో తుడిచి, "అమ్మా, ఇది రంగు" అని చూపించాడు. నేను కుడుతున్న ఎర్ర రెక్సిన్ రంగు అది. ఆ రోజు నుంచి మా ఆయన నన్ను 'భయాలమ్మ' అంటున్నాడు.

పచ్చకారాయన మా కొట్టుకొచ్చింది ఆ తర్వాతే. ఉద్యోగం విరమించిన పెద్దమనిషి. కారు వాళ్ళ నాన్న కొన్నదట. సీట్లు, అట్టలు అన్నీ కుదిరాయి గానీ డాష్‌బోర్డులో ఉండే చిన్న అరకి మూత గొళ్ళెం లేదు. ఎవరో ఎప్పుడో ఊడబెరికి, మూత పడిపోకుండా తాడు కట్టి ఉంచారు. దానికోసం మా ఆయన తిరగని చోటు లేదు. ఆఖరికి ఎవరి పెరట్లోనో కోళ్ళ గూడుగా మారిన కారు ఒకటి కనిపించింది.

"సరిగ్గా ఆ అరలోనే కోడి పొదుగుతోంది" అన్నాడు, చేతి మీద పొడిచిన గాట్లు చూపిస్తూ. "గొళ్ళెం ఇమ్మని దాన్ని బతిమాలుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

గొళ్ళెం డొప్ప బాగానే ఉంది. లోపలి నాలుక మాత్రం అరిగిపోయింది. మామయ్య ఇత్తడి ముక్క తీసుకుని ఆకురాయితో అరగదీసి కొత్త నాలుక చేసి బిగించారు. పచ్చకారాయన వచ్చి, ముందు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని మూత వేశాడు.

"ఇది కాదండీ."

"కాదేంటి సార్? గట్టిగానే పడిందిగా. లాగి చూడండి" అన్నారు మామయ్య.

"పడింది. కానీ చప్పుడు ఇది కాదు. ఇది ఠంగుమంటోంది. మా మూత టుక్కుమనేది."

"అయితే గొళ్ళేనికి సంగీతం కూడా నేర్పించాలన్నమాట" అన్నాడు మా ఆయన.

పచ్చకారాయన నవ్వేసి, సీట్లోంచి దిగకుండానే చెప్పాడు. "చిన్నప్పుడు నేను వెనక సీట్లో పడుకునేవాణ్ణి. మా నాన్న బిస్కెట్లు ఈ అరలో పెట్టేవాడు. ఇంజన్ ఎంత మోగినా నాకు మెలకువ వచ్చేది కాదు. ఈ మూత టుక్కుమంటే చాలు, లేచి చెయ్యి చాపేవాణ్ణి." తర్వాత నా వైపు తిరిగాడు. "పిల్లలంతా అంతే కదమ్మా? ఎంత మొద్దు నిద్రయినా, లేపే చప్పుడు ఏదో ఒకటి ఉంటుంది."

మిషను మీద నా కాలు ఆగింది. మరి మా పాపని లేపే చప్పుడేది? పిలుపు కాదు, గిలక్కాయ కాదు, వీధి తలుపు కాదు. ఒక్కటీ గుర్తు రాలేదు.

అంతలో పాప కళ్ళు తెరిచింది. మిషను కాలికి ఆనించి ఉన్న ఫోమ్ ముక్కల కుప్ప మీద లేచి కూర్చుంది.

"అదిగో, చూశారా సార్?" అన్నారు మామయ్య. "మా మొద్దులుకి మిషనే. అది ఆగితే చాలు, లేస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చప్పుడు ఆగినట్టు తెలిసిందంటే అంతకుముందు వినపడుతున్నట్టే కదా అనుకున్నాను. అనుకున్నానే గానీ మనసు కుదుటపడలేదు.

మర్నాడు ఫోమ్ కుప్పని అవతలి గోడ దగ్గరికి లాగి పాపని అక్కడ పడుకోబెట్టాను. మిషను తొక్కాను. ఆపాను. పాప లేవలేదు. కత్తెర కింద పడేశాను. మామయ్య సుత్తి తెచ్చి రేకు మీద కొట్టాను. అది పెదవులు చప్పరించుకుంటూ హాయిగా నిద్రపోతోంది. తర్వాత కుప్పని మళ్ళీ మిషను కాలికి ఆనించి, కాసేపు కుట్టి, ఆపాను. పాప కళ్ళు తెరిచింది.

మిషను దానికి వినపడటం లేదు. ఒంటికి తెలుస్తోంది.

భయం వేస్తుందని చూశాను. వెయ్యలేదు. రంగు మరకకి పరిగెత్తినదాన్ని, కూర్చున్న చోటునుంచి లేవలేదు. చెయ్యి తల కింద పెట్టుకుని చాలాసేపు పడుకుంటే తిమ్మిరెక్కి మనది కానట్టు ఉంటుందే, లోపలంతా అలాగే ఉంది. తలుపు అట్ట సగంలో ఉంటే కుట్టడం పూర్తి చేశాను. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. పాపకి అన్నం కలిపి పెట్టాను. మూతి తుడిచాను.

మా ఆయన రాగానే చెప్పాను. "ఏమండీ, పాపకి వినపడటం లేదు."

"మొన్న మెడ మీద మచ్చ. నిన్న కడుపులో పురుగులు. ఇవాళ చెవులు. రేపు తోకేమైనా మొలుస్తుందా?"

"చేసి చూపిస్తాను. ఒక్కసారి చూడండి."

"పరీక్ష పెట్టి చూడ్డానికి అదేమన్నా గొళ్ళెమా?" అంటూ పాపని ఎత్తుకుని, ఎదురుగా పట్టుకుని బూచి చూపించాడు. అది కిలకిలా నవ్వింది. "ఇదిగో, పలుకుతోందిగా నా తల్లి!"

దాని కళ్ళు ఆయన మొహం మీద ఉన్నాయి. ఆ మాట కూడా అన్నాను. "భయాలమ్మా, పోయి నీళ్ళు తాగు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఇన్నాళ్ళూ భయంతో ఏడుస్తూ చెప్పినవన్నీ ఉత్తివే అయ్యాయి. ఇప్పుడు ఏడవకుండా చెబుతుంటే, ఇంత నిమ్మళంగా చెప్పేది పెద్ద సంగతి ఎలా అవుతుంది?

మామయ్య గొళ్ళెంతో కుస్తీ పడుతూనే ఉన్నారు. స్ప్రింగు మారిస్తే టింగుమంది. నాలుక మందం తగ్గిస్తే టక్కుమంది. టుక్కు మాత్రం రాలేదు. ఆ పూట మొక్కులన్నీ అయిపోయి, ఇక తిట్లు మొదలుపెట్టారు. నేను ఆ గొళ్ళెం చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. నాలుక వచ్చి తగిలే చోట, డొప్ప లోపల, గోధుమ రంగులో సన్నని మరక ఉంది.

"మామయ్యా, ఇది పాత జిగురులా ఉంది. ఇక్కడ ఏదో అంటించి ఉండేదేమో."

"అది కోడి రెట్ట అనుకుని గోకేస్తున్నానమ్మా ఇన్నాళ్ళూ!"

తలుపు అంచుకి వేసే ఫెల్ట్‌లోంచి గోరంత ముక్క కత్తిరించి ఇచ్చాను. ఆయన అంటించి మూత వేశారు. టుక్. చెక్క మీద వేలితో తట్టినట్టు, మెత్తగా.

"శెభాష్! అన్నిటినీ అనుమానంగా చూస్తావు గనక నీ కంటికి ఆనింది."

"పాపని కూడా అలాగే చూశాను మామయ్యా. దానికి వినపడటం లేదు."

ఆయన ఆకురాయి దులిపి పక్కన పెట్టారు. "మీ ఆయన కూడా మూడేళ్ళ దాకా నోరు విప్పలేదమ్మా. ఇప్పుడు మూయమన్నా మూస్తున్నాడా?" అన్నారు. ఎప్పుడూ ఆ మాట చెప్పి ఆయనే ముందు నవ్వేవారు. ఈసారి నవ్వలేదు.

కబురు అందుకుని పచ్చకారాయన వచ్చాడు. ఈసారి వెనక సీట్లో ఎక్కి, కళ్ళు మూసుకుని, "మీరు వెయ్యండి" అన్నాడు. మామయ్య ముందు కూర్చుని మూత వేశారు. టుక్. పచ్చకారాయన చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది, అరచెయ్యి పైకి పెట్టి. కాసేపు అలాగే ఉండి, వెనక్కి తీసుకున్నాడు. "ఇదే" అన్నాడు.

నేను పాపని ఎత్తుకుని వెళ్ళి మామయ్య పక్కన సీట్లో కూర్చున్నాను. పాపని ఒళ్ళో నిలబెట్టాను. అది నా భుజం మీదుగా వెనక సీట్లోని పెద్దమనిషిని చూస్తోంది. డాష్‌బోర్డు దాని వీపు వెనక ఉంది.

"మామయ్యా, ఒక్కసారి వెయ్యండి."

"ఇప్పుడెందుకే ఇవన్నీ?" అన్నాడు మా ఆయన, నా పక్క తలుపు దగ్గర నిలబడి.

మామయ్య మూత తెరిచి వేశారు. టుక్. పచ్చకారాయన కళ్ళు అటు తిరిగాయి. మా ఆయనవీ తిరిగాయి. పాప తిరగలేదు.

"మళ్ళీ వెయ్యి నాన్నా" అన్నాడు మా ఆయన.

మామయ్య మళ్ళీ వేశారు. తర్వాత ఇంకాస్త విసురుగా వేశారు. పాప నా జాకెట్టు భుజం మీది దారప్పోగు పట్టుకుని లాగుతోంది. మా ఆయన దాని వెనక వైపుకి వంగి "మొద్దులూ" అన్నాడు. ఆపైన గట్టిగా, గొంతు బొంగురుపోయేలా, "మొద్దులూ!" అని అరిచాడు. పచ్చకారాయన ఉలిక్కిపడ్డాడు. పాప దారప్పోగు నోట్లో పెట్టుకుంది. నేను దాని నోట్లోంచి తీసేశాను.

నా ఒళ్ళో దాని పాదాలు వెచ్చగా ఉన్నాయి. నాకు తెలిసింది ఆ వెచ్చదనం ఒక్కటే.

"చెవుల డాక్టరు ఎక్కడుంటాడో కనుక్కుంటాను" అన్నాడు మా ఆయన. ఇన్ని కొట్లు తిరిగిన మనిషి, ఆ మాట అనేసి ఎటు వెళ్ళాలో తెలియనట్టు తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

మామయ్య కారు దిగారు. అలవాటు కొద్దీ పాపని పిలవబోయి, ఆగారు. చుట్టూ తిరిగి వచ్చి, వెనక తలుపు తెరిచి, పచ్చకారాయన పక్కనుంచి లోపలికి వంగారు. పాప చూపు తన మొహం మీద పడేదాకా అలాగే ఉన్నారు.

అప్పుడు పిలిచారు.