ఇంజను నుంచి ఇరవై అడుగులు

మా నాన్న సదిమిన్‌కు పంతొమ్మిదేళ్లప్పుడు జపాను సైన్యం ఆయన్నీ, పదహారేళ్ల తమ్ముడు తుకిరాన్‌నీ జావాలో ఓడెక్కించింది. రెండు నెలల పని అని చెప్పి సుమత్రా అడవిలో రైలు పట్టాలు వేయించింది. పట్టాలు పూర్తయ్యేసరికి యుద్ధంలో జపాను ఓడిపోయింది. అంతకు పది రోజుల ముందే తుకిరాన్ జ్వరంతో పోయాడు. నాన్నే గొయ్యి తవ్వి పూడ్చాడు. ఆ పక్కన ఆగిన రైలింజను మళ్లీ కదల్లేదు.

నాన్న జావాకు తిరిగి వెళ్లలేదు. సుమత్రాలోనే కంపర్ నది ఒడ్డున మా అమ్మను పెళ్లాడి, రబ్బరు చెట్లు గీసుకుంటూ ఉండిపోయాడు. ఏటా రంజాను ఉపవాస మాసానికి ముందు అడవిలోకి వెళ్లి తమ్ముడి గోరీ మీద పూలు చల్లి, నీళ్లు పోసి, దువా చదివి వచ్చేవాడు. గోరీ అని పేరే గానీ అక్కడేమీ ఉండేది కాదు. నాటిన కర్రల్ని చెదలు తినేశాయి, పేర్చిన ఇటుకల్ని వరద పట్టుకుపోయింది. ఇంజను వెనక చక్రం దగ్గర నిలబడి వాగు వైపు ఇరవై అడుగులు వేస్తే అదే చోటు. చిన్నప్పుడు నేనూ ఆయన వెనకే లెక్కపెడుతూ నడిచేదాన్ని.

పంతొమ్మిది వందల తొంభై రెండులో కాలు విరిగి నాన్న వెళ్లలేకపోయాడు. మరుసటి ఏడు నేనే మోటారు సైకిల్ మీద తీసుకెళ్లాను.

అక్కడ అడవి లేదు. కనుచూపు మేర ఎర్రమట్టి, అందులో వరసలుగా మోకాలెత్తు పామాయిల్ మొక్కలు. వాగును తిన్నటి కాలవగా తవ్వేశారు. ఇంజనూ లేదు, పట్టాలూ లేవు.

తోట మేస్త్రీ తోగర్ మంచివాడు. సంగతి విని మమ్మల్ని నీడలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. ఎనిమిది నెలల కింద పెద్ద లారీ తెచ్చి ఇంజనును పట్నానికి పట్టుకెళ్లారట, స్మారకంగా నిలబెడతారట. అది ఎక్కడుండేదని నాన్న అడిగాడు.

"నేనొచ్చేసరికే తీసేశారు పెద్దాయనా. ఇటో అటో ఉండేదంటారు," అని తోగర్ చేత్తో సగం తోట చూపించాడు.

నాన్న లేచి మొక్కల మధ్యకు నడిచాడు. కొంతదూరం వెళ్లి ఆగాడు, ఇంకోవైపు తిరిగాడు, మళ్లీ ఆగాడు. అడుగులు లెక్కపెట్టడానికి మొదలంటూ ఎక్కడుంది? తోగర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

పట్నం వెళ్లాం. సర్కారు కచేరీ ముందు పచ్చిక మీద ఇంజను తళతళలాడుతోంది. నల్లరంగు వేశారు, చక్రాలకు ఎరుపు. ఇక్కడ చనిపోయిన కూలీలకు నివాళి అని ఫలకం పెట్టారు. కుర్ర అధికారి ఎదురొచ్చి, నాన్న ఎవరో తెలిశాక ఆయన చెయ్యి కళ్లకద్దుకున్నాడు. ఇన్నాళ్లకు ఆ పని చేసిన మనిషిని చూశానన్నాడు, నిజంగానే సంతోషించాడు.

"ఎత్తేటప్పుడు ఆ చోట ఏదైనా గుర్తు పెట్టారా బాబూ?" అన్నాడు నాన్న.

తమ్ముడి గోరీ సంగతి నేను చెప్పగానే అధికారి ముఖం వాడిపోయింది. గుర్తు పెట్టాలని ఎవరికీ తోచలేదట. లోపలికెళ్లి ఫోటోలు తెచ్చాడు. నాన్న ఒక్కొక్కటీ కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. ఒకదాంట్లో ఇంజను వెనకున్న చెట్టును వేలితో తడిమి, "ఇది నాకు తెలుసు," అన్నాడు. ఆ చెట్టు కూడా ఇప్పుడు లేదు.

"తాతగారూ, క్షమించండి. పూలు ఇక్కడే పెట్టండి. ఆయన కోసమేగా ఇది కట్టింది."

"వాడిక్కడ లేడు బాబూ," అన్నాడు నాన్న నెమ్మదిగా.

ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. వచ్చేదారిలో తోట పక్కన బండి ఆపాను. ఏదో ఒక చోటు మనమే అనుకుందాం నాన్నా అన్నాను.

"ఏ మట్టికో నీళ్లు పోసి, తమ్ముడా అని పిలవమంటావా లాస్త్రీ?"

నేను బండి తీశాను. మరుసటి ఏడు ఆ రోజుకి బండి తుడిచి వాకిట్లో పెట్టాను. నాన్న గడపలో కూర్చుని, వాన పడేలా ఉందమ్మా, వద్దులే అన్నాడు. మబ్బు తునకైనా లేదు. నేను బండిని మళ్లీ పాకలోకి తోసుకెళ్లాను.