తేందూ నాలా దగ్గర జీపు

పెళ్లయి భిలాయి వచ్చిన రోజున కనకలతను భర్త శ్యామసుందర్ జీపులో వెనక కూర్చోబెట్టాడు.

దుర్గ్ స్టేషనులో రైలు దిగేసరికి ఎండ మండిపోతోంది. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, చేగోడీల డబ్బా అన్నీ వెనక సర్ది, వాటి పక్కన ఆమెను ఎక్కమన్నాడు. ముందు, డ్రైవరు పక్క సీటు ఖాళీగానే ఉంది. దాని మీద ఒక వెదురుకర్ర అడ్డంగా పెట్టి ఉంది. బొబ్బిలి దగ్గర పల్లెటూళ్లో పుట్టి పెరిగిన పిల్లకు జీపంటే ఎలక్షన్ల జీపు ఒక్కటే తెలుసు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక ఎక్కడం ఇక్కడి పద్ధతి కాబోలు అనుకుంది. కానీ ముందు కూర్చునే మగవాడెవరూ రాలేదు. శ్యామసుందరే స్టీరింగు ముందు కూర్చున్నాడు, జీపు కదిలిపోయింది.

అది డెబ్బై అయిదో సంవత్సరం. సెక్టర్ ఆరులో వాళ్ల క్వార్టరు. గేటు పక్కనే జీపుకి రేకుల పాక. ఉక్కు మిల్లులో ఇంజనీరుగా పనిచేసే మనిషి ఇంట్లో ఒక పూలకుండీ లేదు గానీ, వరండా నిండా పాత టైర్లు, ఇనుప తాళ్లు, పారలు. అడిగితే, "అడవి తిరిగేవాళ్లం, ఆ సామాను," అన్నాడు. ఎవరెవరు తిరిగేవారో చెప్పలేదు.

చెప్పినవాడు బలరాం. అదే మిల్లులో క్రేను నడుపుతాడు. చీపురుపల్లి మనిషి. వెనక లైనులో ఉంటాడు. అతని భార్య లక్ష్మీకుమారి కొత్తకోడలికి కూరలు ఎక్కడ చవకో, ఏ పాలవాడు నీళ్లు కలపడో చూపించడానికి వచ్చేది. ఒకనాటి సాయంత్రం భార్యాభర్తలిద్దరూ వచ్చి కూర్చున్నారు. శ్యామసుందర్ డ్యూటీలో ఉన్నాడు.

"ముందు సీటు ఎవరిది అన్నయ్యా?" అని అడిగింది కనకలత. ఊరు దగ్గరవాళ్లని అప్పటికే వరస కలిపేసుకున్నారు.

బలరాం టీ గ్లాసు కింద పెట్టాడు. "గురునాథరావు బాబుది, సెల్లమ్మా. మీ ఆయనా, ఆ బాబూ ఒకే దినం నౌకరీలో సేరినారు. ఇద్దరూ డబ్బులేసుకుని జబల్‌పూర్‌లో మిలట్రీవోళ్లు అమ్మీసిన జీపు కొన్నారు. ఆదివారమొచ్చిందంటే అడివిలోనే. 'రోడ్డున్నకాడికి ఎళ్లడానికి జీపెందుకురా, బస్సుంది కదా' అనీవోరు గురునాథం బాబు. గుట్టలెక్కించీవోరు, ఇసకలో దించీవోరు, బురదలో కూరుకుపోయి సోమారం పొద్దున్న ఒళ్లంతా మట్టితో అలాగే డ్యూటీకొచ్చీవోరు."

"మొగోళ్లకి మట్టి ముట్టుకుంటే సాలు, ఆటే," అంది లక్ష్మీకుమారి.

"ఆటైనా పద్దతుండేది. నాలా, అదే మన గెడ్డ లాటిది, వొచ్చిందంటే, ముందు సీటోడు దిగి కర్రట్టుకుని నీళ్లలో నడవాల. అవతలొడ్డెక్కి సెయ్యెత్తాల. అప్పుడే జీపు దిగాల. ఎటెళ్లాలో సెప్పడమూ ముందు సీటోడి పనే. ఇదంతా మా క్రేను పద్దతి. కింద నిలబడినోడు సెయ్యెత్తకుండా పైనున్న నేను కొండి కదపకూడదు. లేపమన్నా, దించమన్నా ఆ ఒక్కడి సెయ్యే సూడాల. ఆపమని సెప్పడానికి మాత్రం ఎవుడైనా సాలు. నేల తుడిసేవోడొచ్చి ఇలా రెండు సేతులూ బారసాపినా ఆపీవల్సిందే. ఎందుకూ, ఏటీ అని అడగకూడదు."

"ఇంట్లో నేను ఆపమంటే మాత్రం ఆగడు, సూడు," అంది లక్ష్మీకుమారి. ముగ్గురూ నవ్వారు. నవ్వు అయిపోయాక కనకలత, "తరవాత?" అంది.

"డెబ్బై మూడు శ్రావణమాసం. బాలోద్ దారి దాటి లోపలికెళ్తే తేందూ నాలా అని ఉంది. ఇక్కడ సినుకు లేదు. పైన ఎక్కడో కురిసింది. బాబు నీళ్ల మద్దెలో ఉండగా వరద వొచ్చీసింది." బలరాం అరచేతిని గోడలా నిలబెట్టి చూపించాడు. "మీ ఆయన ఒడ్డునే ఉన్నారు, ఇంజను ఆన్‌లో ఉంది. సెయ్యి లేవలేదు కదా. జీపు కదపలేదు. అలవాటైపోయిన ఒళ్లు అది."

"కదిపుంటే?"

"ఇద్దరూ పోదురు. ఆ ముక్క ఆయనకీ తెలుసు. తెలిస్తే ఏటి లాభం? శవం దొరకలేదు. ఊరినుంచి ఆ బాబు అన్నగారొచ్చి దర్భలతో బొమ్మ సేసి దహనం సేయించినారు. మేవందరం తలస్నానాలు సేసినాం. మీ ఆయన మాత్రం సెయ్యలేదు. శవాన్ని సూడకుండా స్నానమేటి అన్నారు. రెండేళ్లు ఆ నాలా ఎంబడి, శివనాథ్ నది ఎంబడి జీపేసుకుని ఎతికినారు."

అలా గుట్టలెక్కే సరదా కాస్తా నీటి వెంట వెతుకులాట అయింది. కనకలత వచ్చేనాటికి ఆ వెతుకులాట కూడా ఆగిపోయి, ఇంకో రూపంలోకి మారింది. ఆ రూపాన్ని ఆమె కళ్లారా చూసింది.

ఆదివారం పొద్దున్నే శ్యామసుందర్ జీపు తుడిచేవాడు. ముందు సీటు మీద కర్ర సరిచేసేవాడు. కొన్ని వారాలు చూసి, "నేనూ వస్తానండీ," అంది కనకలత. కాదనలేదు. వెనక ఎక్కించుకున్నాడు. రోడ్డు వదిలాక కూడా అతను దారికోసం తడుముకోలేదు. మోదుగచెట్ల మధ్య నుంచి, ఎర్రమట్టి గాడిలోంచి జీపు నేరుగా తేందూ నాలా ఒడ్డుకు వెళ్లి ఆగింది. ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అవతలి ఒడ్డు చూస్తూ కూర్చున్నాడు.

ఎండాకాలం కావడంతో నాలాలో చీలమండ లోతు నీళ్లు కూడా లేవు. మేకలు దాటుతున్నాయి. సైకిళ్లు దాటుతున్నాయి. జీపు మాత్రం దాటలేదు. పెట్రోలు వాసన, ఇంజను వణుకు, రెల్లుగడ్డి మీద గాలి. పొద్దు వాలాక అతను జీపు వెనక్కి తిప్పాడు. ఇంటికొచ్చాక మామూలుగా అన్నం తిన్నాడు. వంకాయకూర బాగుందన్నాడు.

అవతలి ఊరి పిల్లలు ఆ జీపుకి 'ఠాఢే గాడీ' అని పేరు పెట్టారు. నిలబడే బండి. ఒడ్డున కూర్చుని గులకరాళ్లు విసురుతూ అది ఎప్పుడు దాటుతుందా అని పందేలు కాసేవాళ్లు. కొన్నాళ్లకు విసుగుపుట్టి మానేశారు.

కనకలత మానలేదు. ఆదివారం ఆదివారం వెళ్లి వెనక కూర్చుంది. మొదట్లో అతని మీద జాలితో వెళ్లేది. రానురాను జాలి పోయి, దాని చోట ఒక భయం కూర్చుంది. అతను ఏడవడం లేదు, మాట్లాడటం లేదు, కళ్లు మూసుకోవడం లేదు. క్లచ్చి మీద కాలు పెట్టి, సిద్ధంగా ఉన్నాడు. చెయ్యి లేస్తే జీపు కదపడానికే ఉన్నాడు. ఏదో ఒక వానాకాలం, నాలా నిండుగా పారుతున్న రోజున, అతనికి ఆ చెయ్యి కనిపిస్తే? కనిపిస్తే దిగిపోతాడు. ఆ ఆలోచన వచ్చిన తరవాత ఆమె ఒక్క ఆదివారం కూడా అతన్ని ఒంటరిగా పంపలేదు. జీపు అమ్మేద్దామని ఒకసారి అంది.

"సగం వాడిది. వాణ్ని అడక్కుండా ఎలా అమ్ముతాను?" అన్నాడు శ్యామసుందర్. అది వేళాకోళమో కాదో అతని మొహంలో తెలియలేదు.

ఛాయ పుట్టాక, పాపనీ ఒళ్లో పెట్టుకుని వెళ్లేది. ఛాయకు తెలుగుకంటే ముందు హిందీ వచ్చింది. అయిదో ఏట, ఒక ఆదివారం, జీపు నాలా దగ్గర ఆగగానే పిల్ల వెనక సీటు మీద నిలబడి ముందుకు వేలు చూపించింది.

"అమ్మా, ముందున్న అంకుల్ ఉతర్ గయే."

కనకలత అటు చూసింది. సీటు మీద కర్ర ఎప్పటిలాగే ఉంది. "ఏ అంకులే? ఎవరూ దిగలేదు, కూర్చో," అంది.

"దిగారు కదా. పానీలో వెళ్తున్నారు."

శ్యామసుందర్ వెనక్కి తిరగలేదు. "ఊఁ," అన్నాడు. తనకు తెలిసిన సంగతినే ఇంకెవరో చెబితే ఒప్పుకున్నట్టు.

మర్నాడు పిల్లకు జ్వరం రాలేదు, కలవరింత రాలేదు. ఏమీ కాలేదు. అయినా కనకలత మళ్లీ ఛాయను అక్కడికి తీసుకెళ్లలేదు. ఆదివారాలు లక్ష్మీకుమారి దగ్గర వదిలేది.

"నువ్వూ మానీరాదేటే? ఆయన్నెవరు ఎత్తుకుపోతారు?" అంది లక్ష్మీకుమారి.

"అదే వదినా నా భయం," అంది కనకలత.

ఎనభై రెండు శ్రావణంలో వారమంతా ముసురు పట్టింది. ఆదివారం కాస్త తెరిపిచ్చింది. శ్యామసుందర్ జీపు తీశాడు. మోదుగచెట్ల దగ్గరికి రాకముందే నీటి హోరు వినిపించింది. నాలా ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. ఎర్రని నీళ్లు; వాటిలో కొట్టుకుపోతున్న కొమ్మలు, నురగ. అవతలి ఒడ్డున రెల్లు సగందాకా మునిగింది. మనిషన్నవాడు లేడు.

అతను ఎప్పటి చోటే ఆపాడు. ఇంజను తిరుగుతోంది. కనకలత వెనక సీటు ఇనుపకమ్మీ పట్టుకుని అతని మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ మెడ మీద నరాలు ఆమెకు కంఠతా వచ్చాయి. అందుకే అవి సడలినప్పుడు ముందు ఆమెకే తెలిసింది. ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువును ఎవరో దించమన్నట్టు అతని భుజాలు జారాయి.

"ఎత్తాడు," అన్నాడు శ్యామసుందర్.

"ఏమండీ?"

"చెయ్యెత్తాడు, లతా." గొంతులో సంతోషం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఎరగని సంతోషం. గేరు పడింది. జీపు ముందుకు దొర్లింది.

అరిచినా అతనికి వినిపించదు. వెనకనుంచి పట్టుకున్నా ఆగడు. ఆమె వెనక నుంచి దూకేసింది. మోకాళ్లు కొట్టుకుపోయాయి. చీర కాళ్లకు చుట్టుకుంటుంటే లాక్కుంటూ జీపును దాటి పరిగెత్తి, ముందు చక్రాలకు ఎదురుగా, పిక్కలలోతు ప్రవాహంలో నిలబడింది. జీపు వైపు తిరిగింది. రెండు చేతులూ బారచాపి, అరచేతులు నేలకు చూపించి, అటూ ఇటూ ఊపింది.

బలరాం చూపించినట్టే.

బ్రేకు కీచుమంది. బంపరు ఆమె నడుముకి బెత్తెడు దూరంలో ఆగింది. రేడియేటరు వేడి పొట్టకు కొడుతోంది. అద్దం వెనక అతని మొహం, నిద్రలోంచి లేచిన మనిషి మొహంలా ఉంది. అతని చూపు ముందు ఆమె చేతుల మీద పడింది. తరవాత ఆమె తల మీదుగా, నీళ్ల మీదుగా, అవతలి ఒడ్డుకు వెళ్లింది. అక్కడే చాలాసేపు నిలిచింది.

"వాడూ చాపాడు," అన్నాడు మెల్లగా. "నీలాగే. రెండు చేతులూ."

వెనక్కి తిరిగి చూస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది, లేదా ఏమీ కనిపించదు. రెండింటిలో దేన్నీ భరించలేననుకుంది. తిరగలేదు.

"చాపితే ఆపెయ్యాలి కదండీ. ఎవరు చాపినా," అంది.

శ్యామసుందర్ తాళంచెవి తిప్పాడు. ఆ ఒడ్డున ఆ ఇంజను ఆగడం కనకలత ఎరిగి అదే మొదలు. అకస్మాత్తుగా నీటి హోరు పదింతలైనట్టు అనిపించింది.

అతను దిగి వచ్చి ఆమె పక్కన, నీటి అంచున గొంతుక్కూర్చున్నాడు. దోసిలితో నీళ్లు తీసుకుని నెత్తిన పోసుకున్నాడు. ఇంకో దోసిలి. ఇంకోటి. ఎర్రనీళ్లు చెంపల మీదుగా కారి చొక్కా తడుస్తోంది. ఎందుకో ఆమెకు అర్థమైంది. తొమ్మిదేళ్ల నాడు చెయ్యాల్సిన స్నానం. ప్రవాహం లాగేస్తుందేమోనని అతని చొక్కా వెనక భాగాన్ని పిడికిట బిగించి పట్టుకుని, అతను చాలనుకునేదాకా అలాగే నిలబడింది.

లేచాక అతను జీపులోంచి వెదురుకర్ర తీసి నీళ్లలో వదిలాడు. అది ఒకసారి నిలువుగా లేచి, పడి, వెళ్లిపోయింది.

"ముందు ఎక్కు," అన్నాడు.

ఎక్కింది. ఆ సీటులో తనకంటే బరువైన మనిషి కూర్చుని చేసిన గుంట ఉంది. ఎంత సర్దుకున్నా ఆమె అందులోకే జారుతోంది. తడిచీర చల్లగా తగులుతోంది. జీపు వెనక్కి తిరిగి, మోదుగచెట్లు దాటి, రెండు దారులు చీలే చోట ఆగింది. కుడిచేతి వైపు భిలాయి గొట్టాల పొగ. ఎడమవైపు గాడి ఎక్కడికి పోతుందో ఆమెకు తెలియదు. ఇన్నేళ్లూ అటు వెళ్లనే లేదు.

శ్యామసుందర్ క్లచ్చి మీద కాలుంచి ఆమె వైపు చూశాడు. "ఎటు?"

అప్పుడు వెనక సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. బరువైన మనిషి ఎవరో ఎక్కి, మెల్లగా ఆనుకుని కూర్చున్నట్టు. జీపు వెనక భాగం కొద్దిగా దిగింది.

ఇద్దరూ విన్నారు. ఇద్దరూ ముందుకే చూశారు.

కనకలత ఎడమవైపుకి చెయ్యెత్తింది. జీపు కదిలింది.