నాలుగో నాటి స్నానం

గిడ్డమ్మను రోగం చంపలేదు, ఇంట్లోవాళ్లు చంపారు. ఈ మాట మీద కంబన్న ఎవరితోనూ వాదించలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందని ఎవరైనా వాదిస్తారా?

కంబన్నది నాపబండల బండి. గనిలో తీసిన బండలను ఎద్దులబండికెత్తి మైదుకూరు మీదుగా కడపకు తోలేవాడు. పోతే తిరిగి రావడానికి వారం పట్టేది. ఇంట్లో భార్య గిడ్డమ్మ, మొగుడు పోయి పుట్టింటికి చేరిన అక్క ఓబులమ్మ. పిల్లలు లేరు. లేరని రెండో పెండ్లి మాటెత్తిన బంధువులకు అన్నం పెట్టించి, చేతులు కడుక్కున్నాక, ఇంకోసారి ఈ గడప తొక్కొద్దన్నాడు. గిడ్డమ్మ బతికున్నన్నాళ్లూ తొక్కలేదు కూడా.

ఆ ఇంట్లో ఆచారం గట్టిది. ముట్టయిన ఆడది పెరటి కొట్టంలో మూడు దినాలుండాలి. పొయ్యి తాకకూడదు, నీళ్లకుండ తాకకూడదు. నాలుగో నాడు తలకు పోసుకుని లోపలికొస్తుంది. ఇంటి మగవాడికి ఆ సంగతి తెలిసేది అంతవరకే. కొట్టంలో కనిపిస్తే బయట ఉందని, పొయ్యి దగ్గర కనిపిస్తే బాగుందని. అడగడం మర్యాద కాదు. చెప్పడం అంతకన్నా కాదు. ఇది చదివే మీ ఇండ్లలోనూ ఇదే తీరైతే, ఈ కథ పరాయి ఊరి కథ అనుకోవద్దు.

గిడ్డమ్మ నెలనెలా కొట్టంలో కూర్చునేది, నాలుగో నాడు తలకు పోసుకుని వచ్చేది. కంబన్న కంటికి అంతా సక్రమంగానే ఉంది. మనిషి మాత్రం పాలిపోతూ వచ్చింది. బావి నుంచి బిందె తెస్తూ దారిలో రెండుసార్లు దించేది. ఇంటి గోడలకు పూయడానికి తెచ్చిన సుద్దను గిల్లి నోట్లో వేసుకునేది.

"ఏమైందే నీకు? మొగం సున్నం కొట్టినట్టు ఉండాది," అన్నాడొకనాడు కంబన్న.

"ఏం ల్యా. వేడి చేసింది," అంది గిడ్డమ్మ.

"ఎండలకు అందరికీ వేడే. నువ్వు పోయి ఎద్దులకు నీళ్లు చూడుపో," అని ఓబులమ్మ మాట మళ్లించింది.

వేడి అన్నారు కదా అని కంబన్న కడప నుంచి సబ్జా గింజలు తెచ్చాడు. బార్లీ తెచ్చాడు. ఉల్లిగడ్డ కోసి పెరుగన్నంలో తానే కలిపి పెట్టాడు. అక్క మహానందికి మొక్కుకోమంటే మొక్కుకున్నాడు. మనిషి కోలుకోలేదు. కాళ్లు వాచాయి.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, ఎండాకాలం. రొట్టె తడుతూ తడుతూ గిడ్డమ్మ పొయ్యి పక్కకే ఒరిగిపోయింది. కంబన్న బండలు దించేసి బండిలో చొప్ప పరిచి ఆమెను పడుకోబెట్టాడు. ఓబులమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కడప ఆడవాళ్ల ఆసుపత్రి కంబన్నకు కొత్త కాదు. దాని వరండాకు బండలు తోలింది తానే.

డాక్టరమ్మ పరీక్ష చేసి బయటకు వచ్చింది.

"రక్తం పోవడం ఎన్నాళ్ల నుంచి?"

"అట్లాంటిదేం ల్యామ్మా," అన్నాడు కంబన్న. "మూడు దినాలే బయటుంటాది. నాలుగో నాడు లోపలికొస్తాది. నేను సూస్తానే ఉండా గదా."

డాక్టరమ్మ అతన్ని వదిలేసి ఓబులమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా."

"మూడేండ్ల నుంచి," అంది ఓబులమ్మ. "ఆగీ ఆగకుండా పోతానే ఉండాది."

కంబన్నకు వెంటనే అర్థం కాలేదు. "మరి నాలుగో నాడు తలకు పోసుకునేది?"

"ఉత్తుత్తిదే. రక్తం పోయినన్నాళ్లూ కొట్టంలో కూచుంటే పొయ్యి ఎవరు ముట్టియ్యాల? ఊరు ఏమనుకుంటాది? మూడు దినాలు కూచో, మిగతావి గమ్మునుండు అని నేనే చెప్పినా."

"నాకెందుకు చెప్పలే?"

"ఆడోళ్ల మాట మగోనికి ఎట్ల చెప్తారప్పా? దానికీ భయమే. నీకు తెలిస్తే ఇంగోదాన్ని తెస్తావని నా చేతిలో ఒట్టేయించుకున్న్యాది."

అక్క దాచింది, సరే, అనుకున్నాడు కంబన్న. ఎవరి కోసం ఊళ్లో బంధువులందరినీ వదులుకున్నాడో ఆ మనిషి కూడా తనను అట్లాంటివాడే అనుకుంది. ఇన్నేండ్ల కాపురంలో గిడ్డమ్మ తనను నమ్మింది అంతేనా?

"గర్భసంచిలో గడ్డ ఉందప్పా," అంది డాక్టరమ్మ. "చెడ్డ గడ్డ కాదు. చాలామంది ఆడవాళ్లకు వచ్చేదే. మొదట్లోనే తెచ్చివుంటే రక్తం పట్టేందుకు ఇనుము మందు ఇచ్చి, బలం వచ్చాక ఆపరేషన్ చేసి తీసేసేదాన్ని. నెల తిరిగేసరికి నడుచుకుంటూ ఇంటికి పోయేది. ఇప్పుడు కోయడానికి ఒంట్లో రక్తం లేదు. ఎక్కించాలని చూస్తున్నాం."

ఎక్కించేలోపే సాయంత్రానికి గిడ్డమ్మ పోయింది. కంబన్న ఆమెను ఒక్క మాట అడగాలనుకున్నాడు. అడిగే వేళకు ఆమెకు స్పృహ లేదు.

గిడ్డమ్మ దినాల పొద్దు బంధువులూ ఊరివాళ్లూ కూడారు. ఆకులు వేయబోతుంటే కంబన్న లేచి నిలబడ్డాడు.

"గిడ్డమ్మ ముట్టు ఆగకుండా రక్తం పోయి సచ్చింది. దాన్ని ఇంట్లో..."

"ఏయ్ కంబన్నా," అని పెద్దమనిషి నరసన్న అడ్డం వచ్చాడు. "ఆడోళ్ల సంగతి పదిమందిలో ఏందప్పా, సిగ్గుండక్కర్లా?"

"ఈడుండే ఆడోళ్లల్లో సగంమందికి తెలుసు మామా. నాకొక్కనికే తెలీలే. నువ్వు కూచో."

పక్కింటి గాజుల పీరమ్మ కొంగు సర్దుకుని అందుకుంది. "చెప్తే మాత్రం మీ మగోళ్లు యాడ ఇంటారప్పా? ఎద్దు కుంటితే తెల్లారకముందే పశువుల డాక్టరు కాడికి తోలుకపోతారు. పెండ్లాం మూలిగితే, ఏమే కూడు కాలేదా అంటారు."

ఆడవాళ్లలో ఒకరిద్దరు నవ్వి నోరు మూసుకున్నారు.

"అందరి మాట నాకొద్దు," అన్నాడు కంబన్న. "నాకు చెప్పి సూసినారా?"

కంబన్న ఆకులు పట్టుకున్నవాళ్లను చేత్తో ఆపాడు.

"డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నది చెప్తాండా, ఇనండి. తెల్లబట్టకు మందుండాదంట. గర్భసంచి కిందికి జారితే లోపల రింగు పెడ్తారంట, పనిబడితే ఆపరేషన్ చేస్తారంట. ముట్టు శానా పోతాన్యా, ఆగకుండా పోతాన్యా ముందు పరీక్ష చేస్తారంట. గడ్డ చిన్నదైతే కోయకుండా కనిపెట్టుకోనుంటారు. పెద్దదైతే తీసేస్తారు. ముట్లుడిగిన ఆడదానికి మళ్లా రక్తం కనపడిందా, ఒక్క పొద్దు గూడా ఆగొద్దంట. ఇవి పాపం చేసినందుకు వచ్చేటివి కావు. పన్నునొప్పి మాదిరి ఒంటికి వచ్చేటివి. సిగ్గని దాచిపెట్టే ఆడది తన పాడె తానే కట్టుకుంటాది. దాయమని చెప్పే మనిషి దాన్ని మోస్తాది. అంతే. ఆకులెయ్యండి."

తిన్నవాళ్లు తిన్నారు, తినకుండా లేచిపోయినవాళ్లు లేచిపోయారు.

తర్వాత కంబన్న మొదటిసారి బండి కట్టిన పొద్దు ఓబులమ్మ వచ్చి చక్రం పక్కన నిలబడింది. ఇద్దరికీ మాటలు లేవప్పటికి.

"ఒరే, నన్ను గూడా ఆ డాక్టరమ్మ కాడికి తీసకపోరా."

"నీకేమొచ్చె?"

"గర్భసంచి కిందికి జారింది. నా బిడ్డ పుట్టి పోయినప్పటి నుంచి. గుడ్డ బిగించి కట్టుకుంటాండా."

కంబన్న అక్కను ఎగాదిగా చూశాడు. ఈమె గిడ్డమ్మకు నేర్పిన విద్య మొదట తన ఒంటి మీదే నేర్చుకుంది. జాలి పడాలని అతనికి తెలుసు. పడలేదు. బండల మీద చొప్ప పరిచి, గోనెపట్టా వేసి, "ఎక్కు," అన్నాడు.

మైదుకూరు దాటాక ఓబులమ్మ గొంతు వెనక నుంచి వినిపించింది.

"గిడ్డమ్మ సంగతిలో నేను తెలియక..."

కంబన్న పగ్గం బిగించి ఎద్దులను నిలిపాడు. వెనక్కి తిరగలేదు.

"నిన్ను తీసకపోతా, సూపిస్తా, ఇంటికి తీసకొస్తా. తప్పు నాది అని ఏడ్చుకోవాలంటే నీ గదిలో ఏడ్చుకో. చెప్పాల్సింది పదిమందిలో ఒకసారి చెప్పినా. దాని మాట ఇంగ నా కాడ ఎత్తొద్దు. నేనూ సచ్చేదాకా ఎత్తను."

ఎత్తలేదు.